ఊరూ పేరూ ఉన్న అనామకులు



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు జీవితమంతా స్థానిక చరిత్ర మీద పనిచేశారు. శాసనాలు, కైఫియత్తులు, కరణాల దఫ్తరాలు ఆయనకు ఇష్టమైన చదువు. ఒక ఊరి చరిత్ర రాయాలంటే ఆ ఊళ్లో గుడి కట్టించినవాడి పేరుతో పాటు రాళ్లు మోసినవాడి పేరు కూడా దొరకాలి గదా అనేది ఆయన పట్టుదల. దొరకడం కష్టమని ఆయనకు తెలుసు. ఆ కష్టం గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను.

విషయం ఇది. మనకు ఏమీ కాని మనిషి, పోయి నూరేళ్లు దాటిన మనిషి, ఒక పాత పేర్ల పట్టికలో ఒక్క వరుసగా మిగిలాడు. అతని బతుకును ఆ వరుసలోంచి ఎంతవరకు తెలుసుకోగలం? తెలుసుకున్నదానితో ఏం చేయాలి?

సొంత వంశం వెతుక్కోవడం ఈ రోజుల్లో చాలామందికి ఆసక్తి. అందులో తప్పేమీ లేదు. కానీ వంశం వెతికేవాడు తండ్రి తర్వాత తాతను, తాత తర్వాత ముత్తాతను అడుగుతూ పైకి పోతాడు. చివరికి అతని చేతికి వచ్చేది పేర్ల నిచ్చెన. ఒక మనిషి ఎలా బతికాడో తెలియాలంటే మాత్రం అడగాల్సింది పక్కింటివాణ్ణి, తోటి కూలీని, కూడా ప్రయాణం చేసినవాణ్ణి. పరాయి మనిషి గురించి వెతికేవాడికి పైకి ఎక్కే తొందర ఉండదు కాబట్టి పక్కకు చూసే ఓపిక వస్తుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటకు వివరణ.

ఎవరి వంశాలు మిగిలాయి

వంశం గుర్తుపెట్టుకునే ఏర్పాట్లు మన దేశంలో తక్కువేమీ కావు. తామ్రశాసనాల్లో దానం సంగతికి ముందు దాత తాతముత్తాతల ప్రశస్తి ఉంటుంది. కాశీ, గయ, హరిద్వారాల్లో పండాలు యాత్రికుల ఊళ్లు, తండ్రితాతల పేర్లు తరతరాలుగా బహీలనే పుస్తకాల్లో రాసుకుంటున్నారు. హరిద్వారం బహీలను అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం మైక్రోఫిల్ముల మీదికి కూడా ఎక్కించింది.

తెలుగునేల మీద ఈ పని చాలావరకు నోటితో నడిచింది. రెడ్ల గోత్రాలు, వంశాలు పిచ్చుకుంట్లవారు చెబుతారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఉన్నారు. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబం మిరాశీ అని పంచుకుని, ఏళ్లు గడిచాక వచ్చి, ఇంటి ముందు నిలబడి ఆ ఇంటి పెద్దల పేర్లు వరసపెట్టి చెప్పి, తమకు రావలసింది అడిగి తీసుకుని వెళ్లేవారు. వంశావళి పై కులాల సొత్తు మాత్రమే అనుకునేవాళ్లు డక్కలివారి కథనం ఒకసారి వినాలి.

ఇక కాగితం. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ ఏర్పడి, ఎవరి భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో విచారించి రిజిస్టర్లకు ఎక్కించింది. ఇనాందారు తాత అందులో దొరుకుతాడు. ఆ ఇనాం చేను దున్నిన పాలేరు తాత దొరకడు. జనాభా లెక్కలు 1871 నుంచి ఉన్నాయి. అయితే ఇంటింటికీ తిరిగి రాసుకున్న పట్టికలను దాచలేదు, కూడిన మొత్తాలు మాత్రం అచ్చువేశారు. కాబట్టి ఇంగ్లండులోలాగా పాత జనగణన కాగితాల్లో ఫలానా ఇంట్లో ఫలానా ఏడు ఎవరెవరున్నారో చూసుకునే వీలు మనకు లేదు.

క్రైస్తవ మిషన్ల రిజిస్టర్లు కొంత వేరు. 1878 జులై 3న, 1876-78 మహాకరువు బాధ ఇంకా తీరకముందే, ఒంగోలు బాప్టిస్టు మిషన్ గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వారిలో చాలామంది మాదిగలు. అలాంటి పేదల పేర్లు సిరాతో కాగితం మీదకెక్కిన కొద్ది చోట్లలో చర్చి రిజిస్టర్లు ఒకటి. భూమి లేనివాడు కాగితం మీదకెక్కాలంటే మరొకరికి అతనితో పని పడాలి. అతని ఆత్మతో చర్చికి పని పడింది. అతని నేరంతో కోర్టుకు పని పడింది. అతని రెండు చేతులతో చెరకుతోటకు పని పడింది. ఈ మూడో రకం కాగితాల్లో తెలుగువాళ్లు వేలకొద్దీ ఉన్నారు. వాటి దగ్గరికి వెళ్లేముందు ఫ్రాన్సు దాకా ఒకసారి పోయిరావాలి.

చెక్కజోళ్ల పనివాడు

అలాఁ కోర్బాఁ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1998లో ఒక విచిత్రమైన పుస్తకం అచ్చువేశాడు. ఏ ఘనతా లేని, ఏ నేరమూ చేయని, ఏ డైరీ రాయని ఒక మనిషి జీవితాన్ని చరిత్రగా రాయాలనుకున్నాడు. మనిషిని తాను ఎంచుకుంటే అందులో తన ఇష్టం దూరుతుందని, ఓర్న్ జిల్లా దస్తావేజుల భాండారంలో కూర్చుని ఊరి పేరును యాదృచ్ఛికంగా తీసుకున్నాడు. ఒరిన్యీ ల బ్యుతాఁ అనే పల్లె వచ్చింది. ఆ ఊరి జననమరణాల పట్టికల్లోంచి అలాగే రెండు పేర్లు తీశాడు. ఒకతను చిన్నవయసులోనే చనిపోయాడు కాబట్టి పక్కన పెట్టేశాడు. మిగిలినవాడు లూయీ ఫ్రాన్స్వా పినాగో. 1798లో పుట్టి 1876లో పోయాడు. బెల్లెమ్ అడవి అంచున చెక్కజోళ్లు చెక్కుకుంటూ బతికిన నిరుపేద. చదువు రాదు. అతను స్వయంగా వదిలిన జాడ ఒక అర్జీ కింద పెట్టిన గీటు గుర్తు ఒక్కటే.

దీనితో పుస్తకం ఎలా రాస్తారు? పినాగోను సూటిగా చూడడం కుదరదని తెలుసుకున్న కోర్బాఁ, పినాగో ఎక్కడ నిలబడ్డాడో అక్కడ తాను నిలబడి చుట్టూ చూశాడు. అడవిలో కట్టె ఎవరు కొట్టుకోవచ్చు, ఎవరు కొడితే దొంగతనం అవుతుంది? జోడు జతకు ఎంత వచ్చేది? బంధువులు ఎంత దూరంలో ఉన్నారు? ప్రష్యా సైన్యం వచ్చినప్పుడు ఆ ఊరికి ఏమైంది? వీటన్నిటికీ వేరేవాళ్ల గురించి రాసిన కాగితాల్లో జవాబులున్నాయి. పినాగో ఏమనుకున్నాడో చెప్పడానికి కోర్బాఁ సాహసించలేదు. పినాగోకు ఏం కనిపించి ఉంటుందో, ఏం వినిపించి ఉంటుందో చెప్పాడు. నేను ఆయన నుంచి తీసుకున్న పాఠం ఇదే: మనిషి గురించిన కాగితం తక్కువైనప్పుడు అతని ఇరుగుపొరుగు గురించిన కాగితాలను ఎక్కువగా చదవాలి.

నేటాల్ ఓడ జాబితాలు

ఇప్పుడు మన సంగతి. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది ఒప్పందకూలీలు ఉన్నారు. పది రోజులకు కలకత్తా నుంచి బెల్వెడెర్ వచ్చింది. అక్కడినుంచి 1911 జులైలో ఉమ్లాజి ఓడ చివరిసారి వచ్చేదాకా, మధ్యలో 1866 నుంచి 1874 వరకు ఆగిన కాలం పోను, మొత్తం 384 ఓడ ప్రయాణాల్లో 1,52,184 మంది నేటాల్ చేరారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే.

ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు, తిండీ వసతీ తోట యజమానివి. ఆడవాళ్లకు సగం కూలి. పదేళ్లుంటే తిరుగు ప్రయాణం ఉచితం. చెరకుతోటలు, తేయాకు తోటలు, రైల్వే, బొగ్గు గనులు పనిచోట్లు.

ఈ ఒక్కో మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఓడకొక జాబితా రాశారు. ఆ జాబితాల అసలు ప్రతులు డర్బన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భాండారంలో ఉన్నాయి. క్వాజులు నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ లుథూలి కేంద్రం వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. సురేంద్ర భానా అనే చరిత్రకారుడు 1902 వరకు వచ్చినవారి జాబితాల ఆధారంగా 1991లో ఒక పుస్తకం రాశారు. అంటే కూర్చుని చదివే ఓపిక ఉన్నవారికి ఇవి అందుబాటులో ఉన్నట్టే.

ఒక్కో వరుసలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, పని ఇచ్చిన యజమాని అనే గడులుంటాయి. ఏ ఒక్కరి వరుసనూ పేరుపెట్టి మీకు చదివి వినిపించను. ఆ మనుషుల మునిమనవలు అక్కడా ఇక్కడా బతికి ఉన్నారు. కులం గడీ, ఒంటి గుర్తుల గడీ సభలో పైకి చదవదగినవి కావు. గడులు ఎలా మాట్లాడతాయో మాత్రం చెబుతాను.

గడి వెంట గడి

పేరుతో మొదలుపెడదాం. ఊరి పేరు చెరిగిపోయినా, మనిషి పేరు ఏ సీమదో మన చెవికి తెలుస్తుంది. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి అంటే సింహాచలం కొండ చుట్టుపక్కల వెతకాలి. పైడమ్మ, పైడితల్లి అంటే విజయనగరం వైపు. పెంచలయ్య అంటే పెంచలకోన, నెల్లూరు. మాలకొండయ్య కూడా ఆ చాయలవాడే. కోటయ్య, యల్లమంద అంటే కోటప్పకొండ తిరునాళ్లకు పోయే ఊళ్లు. మునెమ్మ, మునిస్వామి అంటే చిత్తూరు వైపు. ఇంగ్లీషు గుమస్తా ఎంత వంకరగా రాసినా ఈ పేర్లు పోల్చుకోవచ్చు. డర్బన్‌లో కూర్చున్న పరిశోధకుడికి ఈ పని కష్టం. మనకు ఇది పుట్టుకతో వచ్చిన చదువు. రుజువుగా మాత్రం దీన్ని వాడకూడదు. కుర్నూలు జిల్లాలో పుట్టిన అప్పన్న ఉండడని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎటువైపు వెతకాలో చెప్పే జాడగా ఇది చాలు.

తండ్రి పేరు తర్వాత మనం వెంటనే వెతికేది ఇంటిపేరు. జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. నేటాల్‌లో చాలామందికి తండ్రి పేరో, నాయుడు లాంటి కులబిరుదో ఇంటిపేరుగా స్థిరపడింది. మన ఊళ్లో మనుషులను ఇంటిపేరుతోనే పోలుస్తారు కాబట్టి, ముత్తాత పేరు పట్టుకుని డర్బన్ నుంచి వచ్చిన మనిషికి రచ్చబండ దగ్గర జవాబు దొరకదు. ఒక గడి లేకపోవడం వల్ల రెండు కుటుంబాలు ఒకరినొకరు పోగొట్టుకున్నాయి.

వయసు గడిలో 20, 25, 30 దగ్గర గుంపులు కనిపిస్తాయి. ఆ కాలపు జనాభా లెక్కలన్నిటిలోనూ ఇంతే. పుట్టినరోజు తెలియని మనిషిని చూసి గుమస్తా సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకె వేశాడు. కాబట్టి ఇరవై ఐదు అని ఉంటే పడుచువయసు అని మాత్రం అర్థం చేసుకోవాలి. పుట్టిన సంవత్సరం లెక్కకట్టి కుటుంబవృక్షంలో రాసేసుకోవడం తొందరపాటు.

కులం గడిలో కులంతో పాటు మరెన్నో ఉన్నాయి. తెలుగువాళ్లకు ఆనాటి ఇంగ్లీషువాళ్లు పెట్టిన జెంటూ అనే మాట, తమిళులకు పెట్టిన మలబారు అనే మాట, మతం పేరు, వృత్తి పేరు, బిరుదు పేరు అన్నీ ఆ గడిలోనే పడ్డాయి. అడిగినవాడి ప్రశ్న ఒకటి, చెప్పినవాడి జవాబు ఇంకొకటి, రాసినవాడి అవగాహన వేరొకటి. ఆ గడిలో ఉన్నదాన్ని ఈనాటి కులధ్రువీకరణ పత్రంలా చదివితే మోసపోతాం.

జిల్లా గడిలో చరిత్రతో పాటు భూగోళం కూడా కావాలి. ఉత్తర ఆర్కాటు అని కనబడగానే తమిళుడని నిర్ణయించేవాళ్లున్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు, పుంగనూరు, కాళహస్తి అన్నీ ఉత్తర ఆర్కాటులోనివే. ఆ జిల్లా ముఖ్యపట్టణమే చిత్తూరు. గంజాం అని ఉంటే ఈనాటి ఒడిశా కావచ్చు, ఈనాటి శ్రీకాకుళం జిల్లా కూడా కావచ్చు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ హద్దు గీశారు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో పుట్టాయి కాబట్టి ఆ ఊళ్లవారు గంజాం కిందో విశాఖపట్నం కిందో దొరుకుతారు. చికాకోల్ అంటే శ్రీకాకుళమని, బిమ్లీపట్నం అంటే భీమునిపట్నమని, కోకనాడ అంటే కాకినాడని పెద్ద ఊళ్ల విషయంలో అందరికీ తెలుసు. ఇంగ్లీషు లిపిలో ద, డ తేడా లేదు, ల, ళ తేడా లేదు. పది గడపల పల్లె పేరు ఆ లిపిలో పడి బయటికి వచ్చేసరికి సొంత ఊరివాడే గుర్తుపట్టలేడు. ఆ తాలూకా ఊళ్ల జాబితా పక్కన పెట్టుకుని, ఒక్కో పేరూ పైకి చదువుతూ పోల్చుకోవడం తప్ప దగ్గరదారి లేదు.

ఎత్తూ, ఒంటి గుర్తులూ ఎందుకు రాశారు? తోట నుంచి పారిపోతే పట్టుకోవడానికి. ఎడమ పిక్క మీద మచ్చ, నుదుట పుట్టుమచ్చ, చేతి మీద పచ్చబొట్టు. పట్టుకోవడానికి రాసిన ఈ నాలుగు మాటలే ఒక్కోసారి ఆ మనిషి గురించి ప్రపంచంలో మిగిలిన ఏకైక వర్ణన. ఆ ఎత్తు నూటికి నూరుపాళ్లు అతనిదే, ఆ మచ్చ అతనిదే. పేరు అబద్ధం చెప్పి ఉండవచ్చు. మచ్చ చెప్పలేదు.

పైవరుస, కిందివరుస

వారసుడు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాడు. తనవాడి వరుసను నకలు తీసుకుని, చట్రం కట్టించి గోడకు తగిలిస్తాడు. పరాయివాడి పని ఇక్కడే మొదలవుతుంది.

ఆ వరుసకు పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు? ఒకే ఊరు, ఒకే తాలూకా నాలుగైదు వరుసలు వెంటవెంట వస్తే వాళ్లు కలిసి బయల్దేరి ఉండవచ్చు. ఒకే తండ్రి పేరు, దగ్గర వయసు ఉన్న ఇద్దరు అన్నదమ్ములు కావచ్చు. ఒక ఆడమనిషి పేరు, కింద ఇద్దరు పిల్లల పేర్లు, పైన మగమనిషి పేరు లేదు. ఆమె భర్త లేకుండా ఓడ ఎక్కింది. అదే ఊరివాళ్లు ఇంకో ఓడలో, ఇంకో ఏడు వెళ్లారా? వెళితే ముందు వెళ్లినవాళ్ల కబురు వెనక్కి వచ్చిందేమో ఆలోచించాలి. ఆ ఊరి నుంచి ఒక్కడే వెళ్లాడంటే అతను ఊళ్లోంచి బయల్దేరాడా, లేక పని వెతుక్కుంటూ అప్పటికే ఏ పట్నంలోనో ఉన్నాడా?

ఓడ తేదీని ఊరి కాలంతో కలిపి చదవాలి. 1876 నుంచి 1878 వరకు సాగిన మహాకరువులో బళ్లారి, కుర్నూలు, కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు అల్లాడాయి. ఆ ఏళ్లలో వెళ్లినవాళ్ల వెనక ఆకలి ఉందనడానికి సాహసం అక్కర్లేదు. గంజాంలో 1866లో కూడా ఘోరమైన కరువు వచ్చింది. ఆ కరువు మనుషుల కోసం నేటాల్ జాబితాలు ఎంత వెతికినా ఫలితం ఉండదు. ఆ ఏడు నుంచే అక్కడికి ఓడలు ఆగిపోయాయి. మారిషస్ జాబితాల్లో చూడాలి. ఆ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి, కొన్నింటికి ఫొటోలు కూడా ఉన్నాయి. ఓడలు కదిలింది కరువు ఒక్కదాని వల్లే కాదన్నమాట. చెరకు యజమానులకు కూలీలు ఎప్పుడు కావాలి, ప్రభుత్వం ఎప్పుడు ఒప్పుకుంది అనేది కూడా అంతే ముఖ్యం.

ఇలా పక్కకు చదవడం ఎంత దూరం తీసుకెళుతుందో ఫిజీలో పుట్టిన చరిత్రకారుడు బ్రిజ్ విలాస్ లాల్ చూపించారు. ఆయన తాత ఉత్తరభారతం నుంచి ఒప్పందకూలీగా ఫిజీకి వెళ్లినవాడు. తాత కాగితం ఒక్కటి చూసుకుని ఆయన తృప్తిపడలేదు. ఉత్తరభారతం నుంచి ఫిజీకి వెళ్లిన నలభై ఐదు వేలమందికి పైగా కూలీల వలస పాసులు చదివి లెక్కకట్టి, 1983లో గిర్మిటియాల మీద, అంటే ఈ ఒప్పందకూలీల మీద, పుస్తకం అచ్చువేశారు. అందరూ అట్టడుగు కులాలవారే అన్న నమ్మకం ఆ లెక్కల ముందు నిలవలేదు. ఊరి సమాజంలో ఉన్న రకరకాల కులాలూ పాసుల్లో ఉన్నాయి. చాలామంది సొంత జిల్లాలో కాకుండా వేరే జిల్లాల్లో నమోదయ్యారని కూడా తేలింది. అంటే ఓడ ఎక్కించే దళారీ కంటపడేనాటికే వాళ్లు ఇల్లు విడిచి ఉన్నారు. తాత గురించి మనవడికి తెలిసిన గొప్ప నిజం తాత పాసులో లేదు. పరాయివాళ్ల పాసుల్లో ఉంది.

రేవు దాటాక

ఓడ దిగిన తర్వాత కాగితం ఆగదు. యజమాని పేరున్న గడి తోటను చూపిస్తుంది. తోట తెలిస్తే చుట్టుపక్కల ఊరు, స్టేషను, గుడి తెలుస్తాయి. వలసవాసుల సంరక్షకుడనే అధికారి దస్త్రాల్లో కూలీల ఫిర్యాదులున్నాయి. కూలి ఎగ్గొట్టారని, రేషను తగ్గించారని, కొట్టారని చెప్పుకున్న మాటలు దుబాసీ నోటిగుండా గుమస్తా చేతికి చేరి ఇంగ్లీషులో మిగిలాయి. మన మనిషి ఫిర్యాదు ఉండకపోవచ్చు. అదే తోటలో, అదే ఏడు పనిచేసిన వేరొకరిది ఉంటే మన మనిషి కూడా ఆ రేషనే తిన్నాడని తెలుసు.

ఒప్పందం ముగిశాక దారులు చీలుతాయి. 1895 చట్టం ప్రకారం, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఐదేళ్లయ్యాక తిరిగి వెళ్లాలి, లేదా మళ్లీ ఒప్పందం రాయాలి, లేదా ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. నెలకు పది పదిహేను షిల్లింగుల మనిషికి, ఇరవై షిల్లింగులు ఒక పౌను అయిన కాలంలో, మూడు పౌన్లంటే నాలుగు నుంచి ఆరు నెలల కష్టం. గాంధీ నాయకత్వంలో 1913లో జరిగిన సమ్మెకు ఈ పన్నే పెద్ద కారణం. 1914లో రద్దయింది. కాబట్టి 1900 తర్వాత మన మనిషి మళ్లీ ఒప్పందం రాసినట్టు కనిపిస్తే అది తోట మీద ప్రేమ అనుకోకూడదు.

చివరగా మరణం. కాస్త ఆస్తి మిగిల్చి పోయినవాళ్ల మరణ ప్రకటన పత్రం దక్షిణాఫ్రికా వారసత్వ దస్త్రాల్లో ఉంటుంది. అందులో పుట్టినచోటు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు అందరి పేర్లకూ చోటుంది. ఓడ జాబితాలో తల్లి పేరు లేదు. ముప్పై నలభై ఏళ్లు గడిచాక కొడుకో కూతురో రాయించిన ఈ కాగితంలో మొదటిసారి తల్లి పేరు రావచ్చు. అప్పటికి ఊరి పేరు పిల్లల నోట్లో ఇంకా మారిపోయి ఉంటుంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకదాని వంకర ఇంకోదాన్ని సరిచేస్తుంది.

గడి లేని సంగతులు

ఈ జాబితాల్లో ఎందుకు వెళ్లావు అనే గడి లేదు. ఆ గడి మనం నింపకూడదు. ఒంటరిగా వెళ్లిన ఆడమనిషిని చూసి వితంతువనో, మోసపోయిందనో, ఇల్లు వదిలి పారిపోయిందనో రాయడం చాలా తేలిక. ఒప్పంద చట్టాల ప్రకారం మగవాళ్ల సంఖ్యకు తగిన నిష్పత్తిలో ఆడవాళ్లు లేకపోతే ఓడ కదలదు. కాబట్టి దళారీలు ఆడవాళ్ల కోసం గట్టిగా వెతికేవారు. ఇది తెలిసిన సంగతి. ఈ ఒక్క మనిషి ఏ కారణంతో వచ్చింది అన్నది తెలియని సంగతి. తెలిసినదాన్ని తెలియనిదాని మీద కప్పకూడదు.

వలస వెళ్లిన కుటుంబాల్లో రెండు రకాల కథలు ఎక్కువ వినిపిస్తాయి. మా ముత్తాతను మాయమాటలు చెప్పి ఓడెక్కించారని ఒకటి. మా ముత్తాత గొప్పింటి బిడ్డ, తగాదా పడి వచ్చేశాడని ఇంకొకటి. రెండూ జరిగినవే. మోసాలు జరిగాయని ఆనాటి ప్రభుత్వ విచారణలే ఒప్పుకున్నాయి. కానీ ప్రతి కుటుంబమూ ఈ రెంటిలో ఒకటి ఎంచుకుని, దానికి సాక్ష్యం కోసం రికార్డు దగ్గరికి వస్తుంది. రికార్డు సాక్ష్యం చెప్పకపోతే చెప్పించుకుంటుంది. పరాయి మనిషి వరుస చదివేవాడికి ఆ అవసరం లేదు. అతను గొప్పవాడైతే మనకు వచ్చే పేరు లేదు, అతను పేదవాడైతే మనకు పోయే పరువు లేదు. ఈ నిర్లిప్తత ఉదాసీనత కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చదవడానికి అదే తొలి అర్హత.

దానితోపాటు ఒక బాధ్యత కూడా ఉంది. ఆ మనిషి మనల్ని పిలవలేదు. తన ఒంటి మచ్చల గురించి, తన కులం గురించి, తన ఫిర్యాదు గురించి నూరేళ్ల తర్వాత తెలియనివాళ్లు చదువుతారని అతనికి తెలియదు. వారసులకు ఇచ్చేటప్పుడు పూర్తిగా ఇవ్వాలి. లోకానికి చెప్పేటప్పుడు అవసరమైనంతే చెప్పాలి. ఈ ఊళ్లో ఈ ఇంటివాళ్లు ఫలానా కులమని పాత జాబితా ఆధారంగా ప్రకటించడం పరిశోధన కాదు. అది బతికి ఉన్నవాళ్ల మీద పడే భారం.

మనం చేయగల పని

విద్యార్థుల కోసం చివరి మాటలు. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లోనే ఏర్పడి, అక్కడి తెలుగువాళ్లను కలిపి ఉంచింది. మారిషస్, ఫిజీ, బర్మా తెలుగువాళ్లకూ ఇలాంటి చరిత్రలున్నాయి. అటువైపు నుంచి వెతుకులాట నడుస్తూనే ఉంది. ఇటువైపు నుంచి మనం ఇవ్వవలసినవి మూడున్నాయి.

మొదటిది, ఓడ జాబితాల్లోని ఊరి పేర్లను 1911 నాటి జిల్లా హద్దులతో, ఈనాటి మండలాలతో పోల్చే పట్టిక. దీన్ని యంత్రం ఒక్కటీ చేయలేదు. శ్రీకాకుళం యాస, చిత్తూరు యాస తెలిసినవాళ్లు పేరు పైకి చదివితేనే పని అవుతుంది. రెండోది, ఊరివైపు కాగితాలు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక ఆ దఫ్తరాలు కొన్ని తాలూకా కచేరీలకు చేరాయి, కొన్ని అటకలెక్కాయి, కొన్ని చెదలపాలయ్యాయి. మిగిలినవి ఎక్కడున్నాయో కనీసం జాబితా రాయాలి. మూడోది, పిచ్చుకుంట్ల, కూనపులి, డక్కలి కళాకారులు ఇంకా చెప్పగలిగిన వంశకథనాలను వాళ్ల గొంతుతో, వాళ్లకు తగిన ప్రతిఫలం ఇచ్చి రికార్డు చేయడం. ఇంటిపేరు లేని ఓడ జాబితాకూ, ఇంటిపేర్లతో నిండిన వాళ్ల కథనానికీ మధ్య ఎక్కడైనా లంకె దొరకవచ్చు.

ఈ ఉపన్యాసం ఏర్పాటుచేసిన ధర్మనిధి నిర్వాహకులకు ఒక మనవి. ఏటా ఒక విద్యార్థికి ఒక తాలూకా అప్పగించండి. తన సొంత తాలూకా కాకుండా వేరేది ఇవ్వండి. తనకు ఏమీ కాని వంద మంది వరుసలు చదివి, వాళ్ల ఊళ్లు పోల్చి, ఒకే ఊరివాళ్లను ఒకచోట చేర్చి రాయమనండి. ఏ డర్బన్ కుటుంబమో ముత్తాత కోసం వచ్చినప్పుడు, అతని తాత ఎవరో మనం చెప్పలేకపోవచ్చు. ఆ ఏడు ఆ ఊరి నుంచి అతనితో పాటు ఎవరెవరు వెళ్లారో, ఆ ఏడు ఆ ఊళ్లో పంట పండిందో ఎండిందో, అటు వెళ్లాక వాళ్లు ఏ తోటల్లో పనిచేశారో చెప్పగలుగుతాం. వంశం వెతుక్కుంటూ వచ్చినవాడికి ఒక ఊరిని ఇచ్చి పంపవచ్చు.